బిల్లు పాసైంది కదా అక్కా, మరి చట్టం ఎక్కడ?

(రికార్డింగ్: డిసెంబర్ 2025, పంచాయతీ ఎన్నికలు ముగిసిన వారం)

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి మన ఎమ్మెల్యే అక్కతోనే మాట్లాడుతున్నాం. తెలంగాణ శాసనసభలో ఏం జరుగుతోంది, ఏ బిల్లు ఎక్కడ ఆగింది, మన మండలాల్లో జనం దేని గురించి తిరుగుతున్నారు, ఇవే ఇవాళ్టి సంగతులు. అక్కా, నేరుగా అడిగేస్తా. మీరు పంపిన వాట్సాప్ నంబరుకు వచ్చిన మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లు మార్చిలో పాసైంది అన్నారు, పేపర్లలో వచ్చింది, టీవీల్లో చూశాం. మరి ఈ నెల సర్పంచ్ ఎన్నికల్లో అది ఎందుకు లేదు?

ఎమ్మెల్యే: న్యాయమైన ప్రశ్న తమ్ముడూ. జనం కోపంగా ఉన్నారు, ఉండాలి కూడా. మాట చుట్టూ తిప్పకుండా చెప్తా. మార్చి 17న సభలో రెండు బిల్లులు పాస్ చేశాం. ఒకటి చదువులు, ఉద్యోగాల్లో బీసీలకు 42 శాతం, రెండోది పంచాయతీలు, మున్సిపాలిటీల్లో 42 శాతం. సభలో ఒక్కరు కూడా వద్దనలేదు. అంతకుముందే కులగణన సర్వే లెక్కలు వచ్చాయి, బీసీలు 56.33 శాతం అని. అంత ఏకాభిప్రాయంతో పాసైంది కాబట్టి పని అయిపోయిందని జనం అనుకున్నారు. ఎందుకనుకున్నారంటే మేమందరం అలాగే మాట్లాడాం, ఏ పార్టీ అని కాదు. పాసైంది అన్నాం, స్వీట్లు పంచాం. సభలో పాసైన బిల్లు చట్టం కాదు, దానికి ఇంకా సంతకం కావాలి అని మైకులో గట్టిగా చెప్పినవాళ్లు తక్కువ.

హోస్ట్: గవర్నర్ సంతకం.

ఎమ్మెల్యే: గవర్నర్ సంతకం, లేదంటే రాష్ట్రపతిది. రాజ్యాంగం 200వ అధికరణ ప్రకారం గవర్నర్ ముందుకు బిల్లు వెళ్తే ఆయన ఆమోదించొచ్చు, మళ్లీ ఆలోచించండని సభకు తిప్పి పంపొచ్చు, లేదా రాష్ట్రపతికి పంపొచ్చు. మన బీసీ బిల్లులు రాష్ట్రపతి దగ్గరకు వెళ్లాయి. ఇవాళ మనం మాట్లాడుకునే సమయానికి అక్కడే ఉన్నాయి. 201వ అధికరణలో రాష్ట్రపతి ఇన్ని రోజుల్లో తేల్చాలని గడువేమీ రాయలేదు.

హోస్ట్: గడువు గురించి సుప్రీంకోర్టు తీర్పు ఏదో వచ్చింది కదా, తమిళనాడు కేసులో.

ఎమ్మెల్యే: వచ్చింది, ఏప్రిల్‌లో. గవర్నర్ల దగ్గర బిల్లులు ఏళ్ల తరబడి ఉంటున్నాయని తమిళనాడు వెళ్తే, ఇద్దరు జడ్జిల ధర్మాసనం గడువులు పెట్టింది. ఆ తర్వాత రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగారు, నవంబర్ 20న ఐదుగురు జడ్జిల ధర్మాసనం జవాబిచ్చింది. కోర్టు గడువులు పెట్టడం కుదరదు, సంతకం కాకపోయినా అయినట్టే అనుకోవడమూ కుదరదు అంది. అయితే గవర్నర్ ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఏళ్లకేళ్లు పెట్టుకోవడం కూడా కుదరదని, అంత సుదీర్ఘంగా, కారణం లేకుండా ఆలస్యమైతే ఏదో ఒక నిర్ణయం తీసుకోమని కోర్టు అడగొచ్చనీ చెప్పింది. ఇది మనకు కొత్త గొడవ కాదు. 2023లో పది బిల్లులు ఆగాయని మన రాష్ట్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పుడు కూడా కోర్టు ‘వీలైనంత త్వరగా’ అనే మాట రాజ్యాంగంలో ఊరికే రాయలేదని గుర్తుచేసింది.

హోస్ట్: సరే, ఆ బిల్లు అక్కడుంది. మరి మధ్యలో జీవో తెచ్చారు, ఎన్నికల నోటిఫికేషన్ కూడా వచ్చింది. అది చూసి మా ఊళ్లో నామినేషన్‌కు డబ్బులు సర్దుకున్నవాళ్లు ఉన్నారక్కా.

ఎమ్మెల్యే: అవును. వాళ్ల గురించే నాకు ఎక్కువ బాధ. జరిగింది వరసగా చెప్తా. 2018 పంచాయతీరాజ్ చట్టంలో 285ఏ సెక్షన్ ఉంది, మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదని. ఆగస్టు 31న దాన్ని సవరించే బిల్లును సభ పాస్ చేసింది. సెప్టెంబర్ 26న ప్రభుత్వం జీవో నంబర్ 9 ఇచ్చి 42 శాతం ఖరారు చేసింది. అక్టోబర్ 9న ఒకవైపు నోటిఫికేషన్, అదే రోజు హైకోర్టు స్టే. సుప్రీంకోర్టుకు వెళ్తే అక్టోబర్ 16న అక్కడా ఊరట దొరకలేదు. చివరికి 50 శాతం లోపలే సీట్లు తేల్చి డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో సర్పంచ్ ఎన్నికలు జరిగాయి. బీసీ సీటు వస్తుందని ఇంటింటికీ తిరిగిన పిల్లలు, ఆ సీటు జనరల్ అయ్యేసరికి పోటీలో ఉండాలో తప్పుకోవాలో తెలియక సతమతమయ్యారు. నా నియోజకవర్గంలోనే చూశాను.

హోస్ట్: మరి ఎన్నికలే ఆపి ఉండాల్సిందంటారా? కొందరు అలా అంటున్నారు.

ఎమ్మెల్యే: నేను అనను. సర్పంచ్‌ల పదవీకాలం ముగిసింది 2024 ఫిబ్రవరి మొదట్లో. అప్పటినుంచి దాదాపు రెండేళ్లు ఊళ్లను నడిపింది ప్రత్యేక అధికారులు. ఒక్కో అధికారికి ఎన్నో ఊళ్లు, తన సొంత ఆఫీసు పని కాక. వీధి లైటు కాలితే ఎవరికి చెప్పాలో తెలియదు. ట్రాక్టర్ డీజిల్ బిల్లు పంచాయతీ కార్యదర్శి చేతినుంచి పెట్టుకున్నాడు, బ్లీచింగ్ పౌడర్‌కూ అంతే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులు రావు. 15వ ఆర్థిక సంఘం గడువు 2026 మార్చితో అయిపోతుంది. ఇంకా ఆగి ఉంటే ఆ డబ్బు పోయేది. రాష్ట్రంలో 12 వేలకు పైగా పంచాయతీలు, ఇది చిన్న లెక్క కాదు. నాకు 42 శాతం కావాలి, దానికోసం సభలో చెయ్యెత్తాను, రేపు మళ్లీ ఎత్తుతాను. కానీ దానికోసం ఊళ్లకు ఇంకో ఏడాది దిక్కులేకుండా చేయడం నాకు ఒప్పుగా లేదు. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు ఇంకా ఉన్నాయి. ఆ లోపు రాష్ట్రపతి నిర్ణయం రావాలని మా గట్టి ఒత్తిడి.

హోస్ట్: తమిళనాడులో 69 శాతం ఎలా నడుస్తోంది అని కూడా ఒకాయన అడిగారు.

ఎమ్మెల్యే: వాళ్లది చదువులు, ఉద్యోగాల చట్టం. 1994లో రాజ్యాంగ సవరణ చేసి తొమ్మిదో షెడ్యూల్లో, అంటే కోర్టులు కొట్టేయకుండా కొంత రక్షణ ఉండే చట్టాల జాబితాలో పెట్టారు. అది పార్లమెంటు చేయాల్సిన పని, నేనూ నా తోటి ఎమ్మెల్యేలూ చేయగలిగేది కాదు. అందుకే అంటున్నా, ఈ ప్రశ్న నన్ను ఎంత గట్టిగా అడుగుతున్నారో మీ ఎంపీనీ అంతే గట్టిగా అడగండి. ఏ పార్టీ ఎంపీ అయినా సరే.

హోస్ట్: ఇక భూముల సంగతికి వద్దాం. నిజం చెప్పాలంటే మండల ఆఫీసు దగ్గర నిలబడితే రిజర్వేషన్ గురించి ఎవరూ మాట్లాడరు, సాదాబైనామా గురించే.

ఎమ్మెల్యే: అది నాకు రోజూ వచ్చే కేసు. వినేవాళ్లలో కొత్త తరం ఉంటారు కాబట్టి చెప్తా. పాతకాలంలో పొలం కొంటే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లేవాళ్లు కాదు, తెల్లకాగితం మీద రాసుకునేవాళ్లు. మొన్న ఒక పెద్దమ్మ తెచ్చింది, పాలిథిన్ కవర్లో, నాలుగు మడతల దగ్గర చిరిగితే వెనకవైపు టేపు అంటించారు. ఎకరం పది గుంటలు, ఉత్తరాన వాగు, దక్షిణాన బాట, తూర్పున ఫలానా వారి చెలక అని హద్దులు రాసి, కింద అమ్మినాయన వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఆ సాక్షుల్లో ఇప్పుడు ఎవరూ లేరు. అమ్మినాయనా లేడు. ఆమె భర్తా లేడు. పొలం మాత్రం ఆమె కొడుకే దున్నుతున్నాడు, పాస్‌బుక్కు మాత్రం అమ్మినాయన వారసుల పేరు మీద ఉంది. రైతుబంధు డబ్బులు ఇన్నాళ్లూ వాళ్ల ఖాతాలో పడ్డాయి. బ్యాంకు పంటలోను ఇవ్వదు.

హోస్ట్: వాళ్లు ఒప్పుకోరా?

ఎమ్మెల్యే: ఎకరం రేటు లక్షల్లో ఉన్నప్పుడు ఎవరు ఒప్పుకుంటారు? కొందరు ఒప్పుకుంటారు, మంచివాళ్లున్నారు. చాలామంది ‘మా నాయన అమ్మినట్టు మాకు తెలియదు’ అంటారు.

ఇక్కడ చట్టం ఏం చేసిందో చూడు. 2020 అక్టోబర్, నవంబర్‌లో ప్రభుత్వం సాదాబైనామా దరఖాస్తులు తీసుకుంది. దాదాపు 9 లక్షలు వచ్చాయి. అదే సమయంలో, అక్టోబర్ 29న, ధరణి అనే భూరికార్డుల పోర్టల్‌తో పాటు కొత్త ఆర్‌ఓఆర్ చట్టం, అంటే భూమి హక్కుల రికార్డుల చట్టం అమల్లోకి వచ్చింది, 1971 నాటి పాత చట్టం పోయింది. కొత్త చట్టంలో సాదాబైనామాను క్రమబద్ధం చేసే సెక్షనే లేదు! దరఖాస్తులు ఉన్నాయి, వాటిని తేల్చే అధికారం ఎవరికీ లేదు. హైకోర్టు స్టే ఇచ్చింది. ఐదేళ్లు ఆ పెద్దమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగింది, తిరిగినా ఎవరూ చేయగలిగింది లేదని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ‘చూద్దాం, పైనుంచి రావాలి’ అన్నారంతే. చట్టం రాసేటప్పుడు ఒక సెక్షన్ మర్చిపోతే ఊళ్లో ఇంత జరుగుతుంది. అందుకే సభలో బిల్లు మీద చర్చ గబగబా ముగిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

హోస్ట్: ఇప్పుడు మారిందా?

ఎమ్మెల్యే: మారింది. ఆ 2020 చట్టం స్థానంలో తెచ్చిన భూభారతి బిల్లు 2024 డిసెంబర్ 20న సభలో పాసైంది, జనవరి 9న గవర్నర్ ఆమోదించారు, నిబంధనలు తయారై ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో సాదాబైనామాకు సెక్షన్ ఉంది. 2014 జూన్ 2కు ముందు కొన్న సన్న, చిన్నకారు రైతులై ఉండాలి, పన్నెండేళ్లుగా సాగులో ఉండాలి, 2020లో అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 లోపు దరఖాస్తు పెట్టి ఉండాలి. విచారణ చేసేది ఆర్డీఓ. ఈ ఆగస్టులో హైకోర్టు స్టే కూడా తొలగింది. కాబట్టి ఇప్పుడు ‘పైనుంచి రావాలి’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, రావాల్సింది వచ్చేసింది.

హోస్ట్: 2020లో దరఖాస్తు పెట్టనివాళ్లు?

ఎమ్మెల్యే: వాళ్లకు ఈ సెక్షన్ పనికిరాదు. ఈ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ చెప్పకపోతే ఏజెంట్లు చేరి డబ్బులు గుంజుతారు, ‘పాత తేదీతో ఎక్కిస్తాం’ అని. ఎక్కించలేరు. అలాంటివాళ్లు నా ఆఫీసుకు రండి, మా దగ్గర ఒక లాయర్ కూర్చుంటున్నారు, రూపాయి తీసుకోరు. వాళ్లకూ ఒక అవకాశం ఇవ్వాలని సభలో అడుగుతాను, అడిగి ఏ జవాబు వచ్చిందో ఇక్కడే చెప్తాను.

ఇంకో మాట. దరఖాస్తు ఉన్నవాళ్లు మీసేవ రసీదు వెతికి పెట్టుకోండి. శిస్తు రసీదులు, పాత పహాణీ (ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు) నకలు, కరెంటు మోటారు బిల్లు, ఏదున్నా తీయండి. పక్క పొలంవాళ్లను కూడా అడుగుతారు, అందుకని వాళ్లతో గెట్టు పంచాయితీ ఏమైనా ఉంటే ముందే మాట్లాడుకోండి. తహసీల్దార్ ఉత్తర్వు తప్పనిపిస్తే ఇప్పుడు ఆర్డీఓ, కలెక్టర్ దగ్గర అప్పీలు ఉంది. ధరణి రోజుల్లో అది లేదు, చిన్న పేరు తప్పుకు కూడా సివిల్ కోర్టుకు పొమ్మన్నారు.

హోస్ట్: ఇందిరమ్మ ఇళ్ల మీద ఒక్క ప్రశ్న. మొదటి లక్ష పునాది అయ్యాకే ఇస్తారు, ఆ పునాదికి డబ్బు ఎక్కడిది అని ఒకామె అడిగారు.

ఎమ్మెల్యే: ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. 5 లక్షలు విడతలుగా వస్తాయి, బేస్‌మెంట్ అయ్యాక లక్ష. చేతిలో ఏమీ లేనివాళ్లు వడ్డీకి తెస్తున్నారు. మహిళా సంఘాల ద్వారా అప్పు ఇప్పించే ఏర్పాటు మా మండలాల్లో చూస్తున్నాం, సంఘంలో ఉన్నవాళ్లు సీసీని, అంటే సంఘాల పని చూసే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌ను కలవండి. ఇంకోటి, 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆగుతుంది. పక్కింటాయన చెప్పాడని ఒక గది పెంచకండి, ముగ్గు పోసేటప్పుడే ఇంజినీర్‌తో కొలిపించుకోండి.

హోస్ట్: సభ మళ్లీ ఎప్పుడు?

ఎమ్మెల్యే: ఈ నెలాఖర్లో. సాదాబైనామా మీద ప్రశ్న ఇచ్చాను, మన ఆర్డీఓ డివిజన్‌లో ఎన్ని దరఖాస్తులు, ఎన్ని తేల్చారు, ఎన్ని తిరస్కరించారు, తిరస్కరించిన కారణం దరఖాస్తుదారుకు రాతపూర్వకంగా ఇచ్చారా అని. లాటరీలో నా ప్రశ్న రాకపోతే జీరో అవర్లో అడుగుతా. రాతపూర్వక జవాబు వచ్చిన రోజే దాని కాపీ మండలాలవారీగా పంచాయతీ నోటీసు బోర్డుల మీద అంటిస్తాం. మీ ఊరి బోర్డు మీద కనిపించకపోతే అదే వాట్సాప్ నంబరుకు ఊరి పేరు పెట్టండి.

హోస్ట్: నంబరు వివరణలో ఉంది. తర్వాతి ఎపిసోడ్‌లో ఆ జవాబు చదువుదాం అక్కా.

ఎమ్మెల్యే: చదువుదాం. ఆర్డీఓ ఆఫీసులో భూమి పని చూసిన అనుభవం ఉన్న రిటైర్డ్ ఉద్యోగి ఎవరినైనా పిలువు తమ్ముడూ, అంకెలు నేను చదివితే ఆయన విప్పి చెప్తారు.