ఎవరి పేరు ముందు? మేరీ రాణి వెండి రియాల్ కథ

అందరికీ నమస్కారం. స్కాట్లాండ్ పాత వెండి నాణేల గురించి చెప్పుకుంటూ పోతే ఒక పూట చాలదు. అందుకే ఇవాళ ఒక్క నాణేన్నే పట్టుకుంటాను. అది రాణి మేరీ కాలపు రియాల్. విలువ 30 స్కాట్స్ షిల్లింగులు, బరువు 30 గ్రాముల పైమాటే. మన నగల షాపు లెక్కలో మూడు తులాల వెండి.

1565 జులైలో మేరీ హెన్రీ డార్న్‌లీని పెళ్ళాడింది. ఆ ఏడాదే ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా ఉన్న రియాల్ వచ్చింది. దాని మీద లాటిన్‌లో 'హెన్రికస్ ఎట్ మరియా' అని ఉంటుంది. రాజ్యం ఆమెది, ముందు పేరు మాత్రం ఆయనది! డిసెంబరు కల్లా ఆ నాణేలను వెనక్కి రప్పిస్తున్నారని ఇంగ్లండ్ రాయబారి రాండాల్ఫ్ ఉత్తరం రాశాడు. కొత్త రియాల్ మీద ముఖాలు లేవు, పేర్లు తారుమారయ్యాయి: 'మరియా ఎట్ హెన్రికస్'. రెండో వైపు కిరీటం తొడిగిన తాళజాతి చెట్టు, దాని మాను ఎక్కుతున్న తాబేలు. ఆ తాబేలు డార్న్‌లీయేనని ఒక మాట ఉంది. రుజువు లేకపోయినా కొట్టిపారేయాలని నాకు అనిపించదు. 1567 ఫిబ్రవరిలో ఆయన హత్య జరిగాక కొట్టిన రియాల్ మీద మేరీ పేరొక్కటే మిగిలింది.

ముఖాలున్న రియాల్ మన చేతికొచ్చేది కాదు, దాన్ని మ్యూజియంలో చూసి సంతోషించాల్సిందే. మన ప్రయత్నమంతా తాబేలు రియాల్ మీదే. ఇక్కడే చాలామంది ఒక తప్పు లెక్క వేస్తారు. నాణెం మీద కిరీటంతో ఉన్న చిన్న తిసిల్ (స్కాట్లాండ్ చిహ్నమైన ముళ్ళ మొక్క) పువ్వు ముద్ర కనిపిస్తే, ఎవరో పాడుచేశారని పక్కన పెట్టేస్తారు. నిజానికి అది సర్కారీ ముద్ర. 1578లో వెండి ధర పెరగడంతో పాత రియాళ్లను తెప్పించి, ఆ ముద్ర కొట్టి, 30 షిల్లింగుల నాణేన్ని 36 షిల్లింగుల 9 పెన్నీలకు చెల్లుబాటు చేశారు. నన్నడిగితే ముద్ర ఉన్నదే కొనండి, అది అన్నేళ్ళూ జనం చేతుల్లో తిరిగిన నాణెం.

ఇవి ఇంత అరుదు కావడానికి పెద్ద కారణం 1707. ఇంగ్లండ్‌తో విలీనం అయ్యాక పాత స్కాట్స్ వెండిని ఎడిన్‌బరో టంకశాలలో కరిగించి కొత్త నాణేలు పోశారు. ఆ పని చూడటానికి అప్పట్లో లండన్ టంకశాల అధిపతిగా ఉన్న శాస్త్రవేత్త న్యూటన్ పంపిన మనిషి, ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ గ్రెగరీ.

కొనేటప్పుడు బొమ్మ చూసి మురిసిపోకండి, ముందు అంచు చూడండి. 19వ శతాబ్దంలో మ్యూజియం నాణేలకు నకళ్ళు చేసేవారు. రెండు పలుచటి రేకులు విడివిడిగా తయారుచేసి అతికించేవాళ్ళు కాబట్టి, అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. బరువు కూడా తేడా కొడుతుంది. తూకం వేయనివ్వని అమ్మకందారు దగ్గర మాత్రం బేరమే ఆడొద్దు.