రెండు గదుల మధ్య గోడ

సభకు నమస్కారం. సెలవు పూట పనులు మానుకుని వచ్చారు. పరిచయాలూ పొగడ్తలూ అయిపోయాయి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం హాలూ వంటిల్లూ బాగుచేయించుకోవడం, అలంకరించుకోవడం. రంగుల గురించీ, కర్టెన్ల గురించీ, అల్మరాలకి ఏ లామినేట్ బాగుంటుందనీ విందామని చాలామంది వచ్చారు. వాటి దగ్గరికి వస్తాను. ముందు మాత్రం ఒక గోడ గురించి మాట్లాడాలి. చాలా ఇళ్లలో ఈ రెండు గదులకీ మధ్య ఉండేది ఒకటే గోడ. ఇటు సింకు, అటు టీవీ. మందం చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలే. సింకు వెనక పైపు కీలులోంచి చుక్కచుక్కగా కారే నీళ్లు వంటింట్లో కనబడవు, అక్కడ టైల్స్ కప్పేసి ఉంటాయి. ఆ తడి ఇటుకలోకి ఇంకి, అటువైపు హాల్లో రంగు కింద పొక్కులై లేస్తుంది. హాలు గోడ పాడైందని హాల్లోనే మరమ్మతు చేస్తారు. గీకుతారు, పుట్టీ పెడతారు, రంగేస్తారు. కొన్నాళ్లకి మళ్లీ అదే చోట అదే పొక్కు.

నా బాధంతా ఇక్కడే. రెండోసారి పొక్కు లేచాక కారణం వెతకరు, కప్పే దారి వెతుకుతారు. వాల్‌పేపర్ అంటిస్తారు, లేదా టీవీ వెనక చెక్క పానెల్ బిగించేస్తారు. గది వెలిగిపోతుంది. లోపల గాలాడని చీకట్లో తడి నిలవుంటుంది, బూజు పడుతుంది, పానెల్ వెనక చట్రం మెత్తబడుతుంది, స్క్రూలు తుప్పుపట్టి పట్టు వదిలేస్తాయి. తడి గోడను కప్పడం అలంకరణ కాదు. ఈ మాట ఇవాళ ఇంకోసారి కూడా అంటాను, విసుక్కోకండి.

గోడలో తడి ఉందో లేదో చూడ్డానికి యంత్రం అక్కర్లేదు. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ షీటు తీసుకుని నాలుగంచులూ టేపుతో గాలి చొరకుండా గోడకి అంటించండి. రెండు రోజులు ముట్టుకోకండి. షీటుకి గోడవైపున చుక్కలు పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. గదివైపున చెమరిస్తే అది గదిలోని ఆవిరి, వంట ఆవిరి బయటికి పోవడం లేదన్నమాట. మొదటిదానికి ప్లంబర్ కావాలి, రెండోదానికి కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను కావాలి. ఈ తేడా తెలియక ఫ్యానుతో తీరే పనికి గోడలు పగలగొట్టించుకునే వాళ్లున్నారు.

వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. గోడలో నీళ్లు కదులుతూ సిమెంటులోని, ఇటుకలోని లవణాలను పైకి తెస్తాయి. నీరు ఆవిరై లవణం మిగిలిపోతుంది, అదే మీరు చూసే తెల్లటి పొడి. రంగు కింద ఆ లవణం గట్టిపడేటప్పుడు ఉబ్బుతుంది, ఎంత ఖరీదైన రంగునైనా నెట్టేస్తుంది. కాబట్టి కారేది ఆపి, పెచ్చులన్నీ రాల్చి, తెల్లపొడిని నీళ్లు తగలకుండా పొడి బ్రష్‌తో దులిపి, గోడను వదిలెయ్యాలి. అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుందని పనివాళ్ల లెక్క. రెండువైపులా గాలి తగిలితే ఇంకా త్వరగా ఆరుతుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ షీటు పరీక్ష మళ్లీ చెయ్యండి.

వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా? ఇప్పుడు చెప్పబోయేది రాసుకోండి, పనుల వరస. ముందు కారే చోట్లు బాగుచెయ్యాలి. తర్వాత పగలగొట్టాల్సింది పగలగొట్టి, పైపులూ వైర్లూ వేసి, పరీక్షించి, అప్పుడే ప్లాస్టరింగ్. ప్లాస్టరింగ్ అయ్యాక నేల, గోడల టైల్స్. తర్వాత వంటగట్టు. పుట్టీ, ప్రైమర్, మొదటి పూత. ఆపైన అల్మరాల బిగింపు. ఆఖరి పూత అన్నిటికన్నా ఆఖర్న, ఎందుకంటే బిగించేటప్పుడు గోడకి గీతలు పడక తప్పదు. కొత్త సిమెంటు ప్లాస్టరింగ్ మీద రంగు వెయ్యాలంటే 28 రోజులు ఆగండి. పండక్కి అయిపోవాలి, గృహప్రవేశానికి అయిపోవాలి అని తొందరపెడితే మేస్త్రీ ఒప్పుకుంటాడు, గోడ ఒప్పుకోదు.

పరీక్షించి అన్నాను కదా, అదేమిటో చెప్పాలి. పైపుల జిగురు కీళ్లు ఒక రోజు ఆరనిచ్చి, కుళాయిల చోట డమ్మీలు, అంటే పైపు నోరు మూసే బిరడాలు, బిగించి, గాలి పోయేదాకా నీళ్లు నింపి, చేతి పంపుతో మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించాలి. మీటరు ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారి ముల్లు దిగి ఉంటే ఏదో కీలు కారుతోంది. ఇది చెయ్యకుండా గోడ మూసేస్తానన్న ప్లంబర్‌ని ఆపండి. మూసేముందు ఇంకో చిన్న పని: గోడకి కొలత టేపు ఆనించి ఫోటోలు తీసుకోండి. రేపు అల్మరాకి రంధ్రం వేసేటప్పుడు పైపు ఎక్కడుందో ఆ ఫోటో చెబుతుంది.

పైపులకీ వైర్లకీ గోడలో గాడి కొట్టేటప్పుడు కూడా లెక్కుంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డంగా ముప్పావు అంగుళం, అంతే. ఐమూలగా అసలు కొట్టొద్దు. గాడి లోతెక్కువైతే దాని మీద పగులు వస్తుంది, ఆ పగులే మళ్లీ తడికి దారి.

కరెంటు సంగతి క్లుప్తంగా. 230 వోల్టుల సరఫరాలో 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాని పక్కనే 2000 వాట్ల కెటిల్ పెడితే రెండూ కలిసి 17 దాటతాయి. 16 ఆంపియర్ల లైను ఒక్కటే ఉంటే భారం దాని హద్దు దాటుతుంది, ఎంసీబీ, అంటే భారం మించితే కరెంటు ఆపేసే స్విచ్, పడిపోవచ్చు. పడిపోతోందని పెద్ద ఎంసీబీ వేయిస్తే వైరు కాలుతుంది. ఓవెన్‌కీ ఇండక్షన్‌కీ విడివిడి లైన్లు, వంటింటి ప్లగ్గులన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు పక్కకి లీకైతే వెంటనే ఆపేసే స్విచ్. తడి చేతుల గది అది, ఇక్కడ పొదుపు వద్దు.

ఇక వంటగట్టు. ఎత్తు 34 నుంచి 36 అంగుళాలని అందరూ చెబుతారు. అసలు కొలత వండే మనిషి మోచెయ్యి. మోచెయ్యి మడిచి నిలబడితే దానికి నాలుగైదు అంగుళాల కింద గట్టు ఉండాలి. లోతు రెండడుగులు. ఎదురెదురు గట్లయితే మధ్య దారి మూడున్నర అడుగులకి తగ్గకూడదు, తగ్గితే అల్మరా తలుపు తెరిచినప్పుడు మనిషి నిలబడలేడు.

ఇప్పుడు ఒక్క నిమిషం నాతోపాటు ఊహించుకోండి. గట్టు మీద నీళ్లు ఒలికాయి. అంచు దాకా వచ్చాయి. కింద నేల మీద పడతాయనుకుంటాం, అన్నీ పడవు. కొన్ని రాతిని పట్టుకుని, అంచు మలుపు తిరిగి, రాయి అడుగున వెనక్కి పాకుతాయి. అలా పాకి అల్మరా తలుపు పైఅంచు మీద దిగుతాయి. ఏడాది తిరిగేసరికి ఆ అంచు ఉబ్బి లామినేట్ లేచిపోతుంది, కార్పెంటర్‌ని తిడతాం. దీనికి మందు రాతి పనివాడి చేతిలో ఉంది. రాయి తలుపుకన్నా అంగుళం ముందుకి రావాలి, దాని అడుగున ముందంచుకి అర అంగుళం లోపల నాలుగైదు మిల్లీమీటర్ల గాడి పొడవునా కోయాలి. పాకే చుక్క గాడి దగ్గరికి రాగానే దాటలేక కిందపడిపోతుంది. రాయి పరిచాక ఇది చెయ్యడం నరకం, పరిచేముందు కాసేపటి పని. దయచేసి అడిగి కోయించుకోండి.

రాయి గోడని తాకే చోట సిమెంటు పూయనివ్వకండి. రాయీ గోడా ఒకే తీరుగా కదలవు, సిమెంటు చిట్లుతుంది. మూడు మిల్లీమీటర్ల సందు వదిలి సిలికాన్ నింపండి. పాత సిలికాన్ మీద కొత్తది అంటదు, మొత్తం గీకి, తుడిచి, ఆరాకే వెయ్యాలి. ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి.

సింకు కింది అల్మరాకి మాత్రం ప్లైవుడ్ మంచిది వాడండి, 72 గంటలు మరిగించినా పొరలు విడిపోని రకం. పైన లామినేట్ చూసి నమ్మకండి. ముక్క అడిగి తీసుకెళ్లి ఇంట్లో మూడు నాలుగు గంటలు మరిగించండి, నాసిరకమైతే అప్పుడే పొరలు విడిపోతాయి. పైపు కోసం వేసిన రంధ్రాల అంచులకి సీలెంట్ పూయించండి, తడి చెక్కలోకి వెళ్లేది ఆ రంధ్రాల్లోంచే. అల్మరా నేలకి ఆనకుండా నాలుగంగుళాల కాళ్ల మీద నిలబడాలి.

విట్రిఫైడ్ టైల్ గురించి ఒక్క మాట. అది నీళ్లు దాదాపు పీల్చదు, అందుకే సిమెంటు దాన్ని సరిగ్గా పట్టుకోదు. టైల్ అడెసివ్‌ని, అంటే టైల్స్ జిగురుని, పళ్లున్న తాపీతో పరిచి అంటించాలి. మర్నాడు నాణెంతో తట్టి చూడండి, బోలు శబ్దం వస్తే తీయించండి. పదిశాతం ఎక్కువ కొనండి, పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా చూడండి.

ఐదు నిమిషాలే ఉన్నాయని చీటీ వచ్చింది. హాలు గురించి గబగబా చెప్పేస్తాను. రంగుని చిన్న కార్డు మీద చూసి ఎంచుకోవద్దు. రెండడుగుల అట్ట మీద రెండు పూతలు వేసి, పొద్దునా, సాయంత్రం, దీపాల కిందా చూడండి. దీపం వెలుగు రంగుని కెల్విన్‌లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ పసుపు తగ్గి తెలుపవుతుంది: హాల్లో దీపాలు 3000 కెల్విన్, వంటగట్టు మీద 4000. గట్టు దీపం పైఅల్మరా ముందంచున ఉండాలి, వెనక ఉంటే గోడ వెలుగుతుంది, కత్తి కింద చీకటి. కర్టెన్ రాడ్ కిటికీకి నాలుగైదు అంగుళాల పైన, గుడ్డ వెడల్పు రాడ్‌కి రెండు రెట్లు. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య అడుగున్నర, నడిచే దారి మూడడుగులు. టీవీ నడిమధ్య భాగం కూర్చున్న మనిషి కళ్ల ఎత్తున ఉండాలి, సోఫా ఎత్తును బట్టి సుమారు 40 అంగుళాలు. ఆ టీవీ వెనక గోడ ఏదో మీకు తెలుసు. తడి గోడను కప్పడం అలంకరణ కాదు.

ఈ రాత్రే ఒకటి చెయ్యండి. సింకు కింది అల్మరా ఖాళీ చేసి తుడవండి. సింకు రంధ్రం మూసి నిండా నీళ్లు పట్టి, ఒక్కసారిగా వదలండి. నీళ్లు దిగుతున్నంతసేపూ పొడి టిష్యూ కాగితంతో ఒక్కో కీలు చుట్టూ తుడవండి: సింకు రంధ్రానికి అడుగున బిగించే కప్లింగ్, దాని కింద వంపు తిరిగిన ట్రాప్ పైకీలు, కిందకీలు, పైపు గోడలోకి వెళ్లే చోటు. తర్వాత కుళాయి పైపులకి గోడ దగ్గర నీళ్లు ఆపే చిన్న వాల్వు, యాంగిల్ కాక్ దగ్గర కూడా. చేతికి తెలియని తడి కాగితం మీద కనబడుతుంది. తడిసిన కీలుకి చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, గోడకి అటువైపు హాల్లో సరిగ్గా అదే ఎత్తున ప్లాస్టిక్ షీటు అంటించండి. ప్రశ్నలున్నవాళ్లు ముందుకి రండి, మీ ఇంటి కొలతలు ఉంటే అవి కూడా తీసుకురండి.