మగ్గాలు మూడు, నూలు లేదు: ఆటలో ఊరికి బట్టలు కట్టబెట్టడం

తమ్ముడు: నమస్కారం. నల్లగొండలో మా మేడ మీద గదిలో కూర్చుని మాట్లాడుతున్నాం. శబ్దం వస్తుందని కూలర్ ఆపేశాం, మధ్యలో మేము ఉస్సురంటే ఏమీ అనుకోకండి. ఇవాళ కంప్యూటర్ ఆటల గురించి ఏమీ తెలియని మనిషి మనతో ఉంది. మా అక్క.

అక్క: ఫోను చేసి ‘అక్కా, నా ఊళ్లో జనానికి బట్టల్లేవు’ అన్నాడండీ. ఒక్క క్షణం గుండె జారింది. తర్వాత తెలిసింది, ఊరంటే ఆటలో ఊరని.

తమ్ముడు: ఆట పేరు మేనర్ లార్డ్స్. పోలండ్‌లో ఒక్క మనిషి మొదలుపెట్టిన ఆట, 2024 ఏప్రిల్ 26న ఇంకా తయారవుతుండగానే అమ్మకానికి పెట్టారు. 14వ శతాబ్దపు జర్మనీ లాంటి ప్రాంతం. ఖాళీ నేల మీద గుడారాలతో మొదలుపెట్టి ఊరు కడతాం. ఇళ్లను రెండో స్థాయికి పెంచాలంటే బావి, చర్చి ఉంటే చాలదు, సంతలో తిండి, వంటచెరకుతో పాటు బట్టలూ దొరకాలి. నా ఊరు అక్కడ ఆగిపోయింది.

అక్క: ఆగిపోతే ఏం చేశావో అది చెప్పు. నాకు దానికే నవ్వొచ్చింది.

తమ్ముడు: బట్టలు లేవన్నారు, నేతగాడి ఇల్లు కట్టాను. అయినా లేవు. ఇంకోటి కట్టాను. మూడోదీ కట్టాను. మూడిళ్లలోనూ మనుషులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు.

అక్క: గొర్రెలు ఎన్ని?

తమ్ముడు: ఆరు.

అక్క: ఆరు గొర్రెలు, మూడు మగ్గాలు! మా పుట్టపాక నేతగాళ్ల ఊరు, అక్కడ ఈ మాట చెబితే నీకు పిల్లనివ్వరు. పాలమూరు వైపు కురుమలు గొంగడి నేస్తారు కదా, ఒక్క గొంగడికి ఎన్ని గొర్రెల బొచ్చు కత్తిరించాలో వాళ్లను అడగాల్సింది. నల్ల దక్కనీ గొర్రెల ఉన్ని. ఆడవాళ్లు కూర్చుని వడకాలి, పడుగుకు, అంటే నిలువు పోగులకు, చింతగింజల గంజి పట్టించాలి. మగ్గం దాకా రావడమే సగం బతుకు.

తమ్ముడు: ఆటలో అదేదీ కనిపించదక్కా. పశువుల సంత కట్టి గొర్రెలు కొంటాం, దొడ్డిలో వదులుతాం, ఉన్ని వస్తుంది. ఆ ఉన్ని నేతగాడి ఇంటికి వెళ్తే నూలు బయటికి వస్తుంది.

అక్క: బట్ట కదా రావాల్సింది?

తమ్ముడు: నేను ఆడిన వెర్షన్‌లో నూలే. ఆ నూలునే సంతలో బట్టల కింద లెక్కేస్తారు.

అక్క: అంటే చలికి వణికే వాడి చేతిలో నూలు ఉండ పెట్టి, కప్పుకో నాయనా అంటారన్నమాట.

తమ్ముడు: తోలు కూడా బట్టే. వేటగాడు చర్మాలు తెస్తాడు, తోళ్లు పదును చేసే ఇల్లు ఒకటి కడితే అవి తోలవుతాయి, సంతకెళ్తాయి. నిజానికి మొదటి ఏడు ఇదే దగ్గరి దారి. గొర్రెల కోసం డబ్బు కూడబెట్టేలోపు అడవిలో జింకలున్నాయి కదా. ఆ ఆలోచన నాకు ఆలస్యంగా తట్టింది.

అక్క: సరే, గొర్రెలు కొనే డబ్బు లేకపోతే? పంట ఏదీ లేదా?

తమ్ముడు: ఉంది, అవిసె. మనం గింజల కోసం వేసే అవిసె జాతే, అక్కడ నార కోసం వేస్తారు. కానీ నేలను బట్టి పండుతుంది. ఏ పంటకు ఎక్కడి నేల మంచిదో రంగుల్లో చూపిస్తుంది ఆట. గోధుమకు పచ్చగా కనిపించిన చేను అవిసెకు ఎర్రగా ఉండొచ్చు. నేను అది చూడకుండా గోధుమ పండిన చేనులోనే వేసేశాను. కోతకు వెళితే మోపెడు కూడా రాలేదు.

అక్క: ఆ నారను ఏం చేస్తారు?

తమ్ముడు: నేతగాడికిస్తే నార బట్ట వస్తుంది. అంతే.

అక్క: అంతేనా? నార తీయడమంటే కాడలు నీళ్లలో ఊరబెట్టాలి, కుళ్లిన వాసన భరించాలి, ఎండబెట్టాలి, చితకగొట్టాలి, దువ్వాలి. అప్పుడు వడకడం.

తమ్ముడు: అసలు చరిత్రలోనూ కష్టం అక్కడేనట. యూరప్‌లో రాట్నం వాడకం కనిపించేది 13వ శతాబ్దంలో. అంతకుముందు చేతి కదురే. ఒక నేతగాడికి సరిపడా నూలు అందాలంటే నలుగురైదుగురు ఆడవాళ్లు పగలంతా వడకాల్సి వచ్చేది. ఆ ఆడవాళ్లందరినీ ఆట ఒక్క గుడిసెలో కలిపేసింది.

అక్క: [కాసేపు ఆగి] అదే నాకు నచ్చలేదు. మగ్గం ఫొటోలో బాగుంటుంది. నాడె అటూ ఇటూ పోతుంటే అందరూ వీడియో తీసుకుంటారు. మా అమ్మ ఆసు పోస్తుంటే ఎవరూ తీయలేదు.

తమ్ముడు: ఆసంటే తెలియని వాళ్లుంటారు, కొంచెం చెప్పు.

అక్క: ఒక పక్క అర్ధచంద్రాకారంలో వరసగా మేకులుంటాయి, ఎదురుగా ఒకే మేకు. పేక నూలును, అంటే అడ్డంగా నేసే నూలును, ఆ మేకు నుంచి ఈ మేకుల మీదికి, ఇటు నుంచి అటు, ఒక్కో పోగూ చేత్తో తిప్పాలి. ఒక చీరకు దాదాపు 9000 సార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలి. నాలుగైదు గంటలు. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ కుడి చెయ్యి మోచేతి దాకా ఎత్తి, ఎడమ చేత్తో భుజం పిసుక్కుంటూ ఉండేది. తలుపు చప్పుడు వినగానే చెయ్యి దించేసేది, మేము చూడకూడదని.

తమ్ముడు: ఆ తర్వాతే కదా ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు యంత్రం చేసింది.

అక్క: 1999లో. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక చేశారు. అందుకే లక్ష్మి ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. చూడు, మగ్గాన్ని ఆయన ముట్టుకోలేదు. పని ఎక్కడ ఇరుక్కుందో అక్కడ చెయ్యి పెట్టారు. నువ్వు మూడో నేతగాడి ఇల్లు కట్టావు.

తమ్ముడు: సరే, ఒప్పుకున్నాను. కానీ ఇక్కడితో కథ అయిపోలేదు. రెండో ఏడు నేల చూసి అవిసె వేశాను, గొర్రెలు పెంచాను, గోదాములో నార బట్ట కుప్పలు పడింది. అయినా ఇళ్ల మీద ‘బట్టల్లేవు’ గుర్తు పోదు.

అక్క: గోదాములో ఉంటే సంతకెవరు తెస్తారు?

తమ్ముడు: అదే! గోదాములో పనిచేసే కుటుంబాలే సంతలో కొట్టు పెట్టాలి. నా వాళ్లిద్దరూ సరుకులు మోస్తూ తిరుగుతున్నారు. ఇంకో కుటుంబాన్ని వేసి, కట్టడాలు నాలుగు రోజులు ఆపాను. కొట్లు వెలిశాయి. సంతకు దగ్గరున్న ఇళ్లకు ముందు అందింది, వాగు అవతలి వరసకు చివరికి.

అక్క: ఆ వరస వాళ్లది ఎప్పుడూ అంతే.

తమ్ముడు: అందిందనుకుని ఊపిరి పీల్చుకున్నానా, రెండు నెలలకు మళ్లీ ఖాళీ. ఈసారి తప్పు నాదే. డబ్బు కోసం వర్తక కేంద్రంలో నార బట్ట ఎగుమతికి పెట్టాను. ‘ఊళ్లో ఇంత ఉంచి మిగతాది అమ్ము’ అని ఒక అంకె వేయాలి. నేను సున్నా వదిలేశాను. వర్తకుడు ఆఖరి తాను దాకా బండికెత్తాడు.

అక్క: [నవ్వు] ఇది మాత్రం అచ్చం మా ఇల్లే. నాన్న నేసిన చీర పండగకు అమ్మ కట్టుకున్నట్టు నాకు గుర్తు లేదు. సేటు ఇచ్చిన నూలు, సేటు తీసుకుపోయే చీర. మాకు పండగ బట్టలు బజారులో కొన్న మిల్లు గుడ్డే.

తమ్ముడు: రంగులు కూడా ఉన్నాయి తెలుసా? అడవి పళ్లు ఏరుకొస్తే రంగరి ఇంట్లో రంగవుతాయి, దర్జీ వాటితో మంచి బట్టలు కుడతాడు.

అక్క: పళ్లు రంగు కోసం పోతే తినడానికి?

తమ్ముడు: ఉండవు. చలికాలం ముందు ఎవరైనా రంగరి ఇల్లు కడితే ఆకలి కేకలే. మీరు కట్టకండి.

అక్క: మా దగ్గర తేలియా రుమాలు అనే చేనేత గుడ్డకు నూలును ఆముదం కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారు. ఆ తర్వాతే ఎరుపు పట్టేది. చిటికి పనిలో అయితే సైకిలు ట్యూబు ముక్కలతో పోగుల మీద ముడులు కట్టి, అద్ది, విప్పి, మళ్లీ కట్టాలి. మగ్గం ఎక్కేసరికి పువ్వు నూలులోనే ఉంటుంది, నేతగాడు దాన్ని చెదరకుండా చూసుకుంటాడు. నీ ఆటలో రంగు వేసేది ఎప్పుడు? నేశాకా, ముందా?

తమ్ముడు: దర్జీ దగ్గర. చివర్లో.

అక్క: అయితే పుట్టపాక వాళ్లెవరూ ఆ ఆట తయారీలో లేరు.

తమ్ముడు: ఇంకో ఆట ఉంది, 2014లో వచ్చిన బ్యానిష్డ్. అందులో డబ్బే లేదు. తోలుతో ఒక కోటు, ఉన్నితో ఒక కోటు, రెండూ కలిపితే వెచ్చని కోటు. కోటు లేనివాడు మంచులో ఎక్కువసేపు పనిచేయలేడు, చలి కాచుకోవడానికి మాటిమాటికీ ఇంటికి పరుగెత్తుతాడు. అందులో బట్టల్లేకపోతే కోత ఆగుతుంది, కట్టెలు ఆగుతాయి. బట్ట విలువ దానిలో ఎక్కువ తెలుస్తుంది నాకు.

అక్క: వానాకాలం గుంట మగ్గంలో నీళ్లూరితే మాకూ పని ఆగేది. కాళ్లు పెట్టే గుంట చెంబుతో తోడుకునే వాళ్లం. అది పెట్టారా ఏ ఆటలోనైనా?

తమ్ముడు: లేదు.

అక్క: ఇప్పుడు నీ వర్తకుడికి ఎంత ఉంచమని చెప్పావు?

తమ్ముడు: 20.

అక్క: ఇళ్లు ఎన్ని?

తమ్ముడు: 34.

అక్క: ఆ కంప్యూటర్ ఇటు తిప్పు.