పిల్లర్ వేరు, కాలమ్ వేరు: స్తంభం అనే ఒక్క మాటలో దాగిన రెండు అర్థాలు

[తెర మీద: ఇంకా శ్లాబ్ పడని బిల్డింగ్. వరసగా నిలబడ్డ కాంక్రీటు స్తంభాలు, పైన బయటికి కనిపిస్తున్న ఊచలు]

నమస్కారం. వీటిని ఏమంటారని ఎవర్నడిగినా పిల్లర్లు అనే చెప్తారు. మేస్త్రీ అలాగే అంటాడు, ఇల్లు కట్టుకునేవాళ్లూ అలాగే అంటారు. కానీ ఇంజనీర్ ఇచ్చిన స్ట్రక్చరల్ డ్రాయింగ్ విప్పి చూడండి. సి1, సి2, సి3 అని ఉంటుంది. ఆ 'సి' కాలమ్‌ది.

మరి రెండూ ఒకటేనా? ఒక్కోచోట ఒకటే, ఒక్కోచోట కానే కాదు. తెలుగులోకి తెచ్చేసరికి రెండింటినీ స్తంభం అనేస్తాం కాబట్టి ఆ తేడా మన కంటికి ఆనదు.

ముందు మన మాటనే చూద్దాం. స్తంభం సంస్కృతం నుంచి వచ్చింది. కంబం దాని వికృతి. ఆ ధాతువుకి కదలకుండా నిలిచిపోవడం అని అర్థం. ట్రాఫిక్ స్తంభించింది అంటాం కదా, అదే. ధ్వజస్తంభం, జయస్తంభం, కరెంటు స్తంభం... వీటిలో ఒక్కటైనా పైకప్పు మోస్తోందా? లేదు. స్తంభం అన్న మాట నిలబడటం గురించి చెప్తోంది. మోయడం గురించి కాదు. నాకు ఇది చాలా ముఖ్యంగా అనిపిస్తుంది, ఎందుకంటే పిల్లర్ అన్న మాట స్వభావం కూడా ఇదే.

[తెర మీద: ఢిల్లీ ఇనుప స్తంభం]

ఢిల్లీలోని ఇనుప స్తంభాన్ని ఇంగ్లీషులో ఐరన్ పిల్లర్ అంటారు. ఎత్తు 7 మీటర్లకు కాస్త ఎక్కువ, బరువు 6 టన్నుల పైమాటే. దాదాపు 1600 ఏళ్లుగా నిలబడి ఉంది. నెత్తిన శ్లాబ్ లేదు, దూలం లేదు. అశోకుడి స్తంభాలూ అంతే. ఏకశిలలు, ఆరుబయట ఒంటరిగా ఉంటాయి. వాటినీ పిల్లర్లనే అంటారు.

[తెర మీద: ఏథెన్స్, పార్థెనాన్]

ఇక కాలమ్. లాటిన్‌లో కొలుమ్నా. కట్టడాల చరిత్ర చదివేవాళ్లకి ఈ మాట వినగానే ఒక రూపం కళ్లముందుకొస్తుంది. గుండ్రటి ఒళ్లు, పైన బోదె అంటే తలకట్టు, కింద చాలాసార్లు పీఠం. ఏథెన్స్‌లోని పాత గ్రీకు గుడి పార్థెనాన్ చుట్టూ ఉన్నవి 46, ఒక్కోటి 10 మీటర్ల పైచిలుకు ఎత్తు. దగ్గరగా చూస్తే అవి ఒకే రాయి కాదు, గుండ్రటి రాతి దిమ్మెల్ని దొంతరగా పేర్చారు. నిట్టనిలువు గీతలా కాకుండా ఒంట్లో సన్నటి ఉబ్బు కూడా ఉంటుంది. ఈ లోకంలో కాలమ్ అంటే ఇదీ. నలుచదరంగా లావుగా ఉన్నదాన్ని వాళ్లు కాలమ్ అనడానికి ఒప్పుకోరు, పిల్లర్ అనో పియర్ అనో అంటారు.

సరే, ఒంటరిగా ఉంటే పిల్లర్, కప్పు మోస్తే కాలమ్ అని రాసేసుకుందామా? తొందరపడకండి.

[తెర మీద: రోమ్, ట్రాజన్ స్తంభం]

ఇది క్రీ.శ. 113లో రోమన్ చక్రవర్తి ట్రాజన్ విజయాలకు గుర్తుగా నిలిపిన స్తంభం. పీఠంతో కలిపి సుమారు 38 మీటర్లు. లోపల మెలికల మెట్లున్నాయి. ఏ కప్పునీ మోయదు. అయినా దీని పేరు ట్రాజన్స్ కాలమ్! ఎందుకంటే పీఠం, గుండ్రటి ఒళ్లు, పైన బోదె అన్నీ ఉన్నాయి. కట్టడాల చరిత్ర లోకంలో కాలమ్ అనిపించుకోవడానికి ఆ రూపం చాలు.

ఇప్పుడు ఇంజనీర్ దగ్గరికి రండి. ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఆయనకి రూపంతో పని లేదు. గుండ్రంగా ఉన్నా, చదరంగా ఉన్నా, ఉక్కు 'హెచ్' సెక్షన్ అయినా, గోడలో కలిసిపోయి కంటికే కనపడకపోయినా, పైనుంచి వచ్చే బరువుని నొక్కుడుగా తీసుకుని కిందికి దింపుతుంటే అది కాలమ్. ఒకే మాట. ఒకరు ఆకారాన్ని చూసి అంటున్నారు, ఇంకొకరు చేసే పనిని చూసి అంటున్నారు.

పైగా ఇంజనీర్‌కి ఎత్తు మీద కూడా ఒక పట్టింపు ఉంది. భారత ప్రమాణం ఐఎస్ 456 తీసుకోండి, అమెరికా ప్రమాణం ఏసీఐ 318 తీసుకోండి, ఇద్దరి గీతా 3 దగ్గరే. సన్నటి వైపు కొలతకి ఎత్తు 3 రెట్లు దాటకపోతే దాన్ని పెడెస్టల్ అంటారు. అంటే ఒక వైపు 300 మిల్లీమీటర్లు, ఇంకో వైపు 450 మిల్లీమీటర్లు ఉన్న దిమ్మె 900 మిల్లీమీటర్లు దాటి పైకి లేస్తేనే కాలమ్ అవుతుంది.

ఎత్తుకి ఇంత పట్టుదల ఎందుకో మాటల్లో చెప్పడం కంటే చూపిస్తాను. ఒక ప్లాస్టిక్ స్కేలు తెచ్చుకోండి.

[తెర మీద: బల్ల మీద నిలబెట్టిన 30 సెంటీమీటర్ల స్కేలు, పైన అరచెయ్యి]

నెమ్మదిగా నొక్కుతున్నాను. ఇంకొంచెం... చూశారా, విరగలేదు, నలగలేదు. పక్కకి విల్లులా వంగింది. చెయ్యి తీస్తే మళ్లీ నిటారుగా నిలబడింది. దీన్నే బక్లింగ్ అంటారు. పొట్టి దిమ్మె బరువెక్కువైతే నలిగి పోతుంది. సన్నగా పొడుగ్గా ఉన్నది నలిగే దాకా కూడా ఆగదు, అంతకుముందే వంగి పక్కకి పోతుంది.

దీనికి లెక్క కట్టినవాడు గణితవేత్త లియోనార్డ్ ఆయిలర్, 1744లో. పొడవు సగం చేస్తే వంగకుండా మోసే బరువు 4 రెట్లు పెరుగుతుంది. ఇంకో సంగతి ఉంది, ఈ వీడియో మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. కొసలు ఎలా పట్టుకుని ఉన్నాయి అన్నదాన్ని బట్టి కూడా ఆ బరువు మారిపోతుంది. కింద గట్టిగా పాతి పైన వదిలేసిన కడ్డీ ఒక వంతు మోస్తుందనుకోండి. రెండు కొసలూ జరగకుండా, కానీ తిరిగే వీలుండేలా పడితే 4 వంతులు. రెండు కొసలూ తిరగకుండా కూడా బిగించేస్తే 16 వంతులు. కడ్డీ అదే, పొడవు అదే, పదార్థం ఒక్క గ్రాము పెరగలేదు!

ఇప్పుడు మళ్లీ ఇనుప స్తంభాన్ని గుర్తు చేసుకోండి. దాని పైకొసని ఎవరూ పట్టుకుని లేరు. బిల్డింగ్‌లో కాలమ్ తలని మాత్రం బీములు, శ్లాబ్ కలిసి పట్టుకుంటాయి. అందుకే అంత సన్నటి కాలమ్ అంత బరువు మోయగలుగుతోంది. కాలమ్ బలంలో కొంత బీములది.

ఇంజనీర్లకి కాలమ్ సొంత మాట అయితే, గనుల్లో పనిచేసేవాళ్లకి పిల్లర్ సొంత మాట. బొగ్గు మొత్తం తవ్వేయకుండా పైకప్పు కూలకుండా మధ్యమధ్యలో కొంత బొగ్గుని వదిలేస్తారు. ఆ దిమ్మెలే పిల్లర్లు, ఆ పద్ధతే బోర్డ్ అండ్ పిల్లర్. ఎవరో కట్టినవి కావు, తవ్వగా మిగిలినవి. చాలాచోట్ల ఎత్తు కంటే వెడల్పే ఎక్కువ. ఇక్కడ బక్లింగ్ భయం లేదు. అంచులు పెళ్లలుగా రాలిపోతూ లోపలి గట్టి భాగం తగ్గిపోవడమే భయం.

1960 జనవరి 21న దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో ఇలాంటి పిల్లర్లు వందల సంఖ్యలో ఒకదాని వెంట ఒకటి కూలిపోయాయి. 430 మందికి పైగా కార్మికులు లోపలే ఉండిపోయారు. ఒకటి కూలితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది, అదీ కూలితే ఆ పక్కదాని మీద. ఆ ఘోరం తర్వాతే అక్కడ పిల్లర్ల బలం మీద గట్టి పరిశోధన జరిగింది. 1967లో సాలమన్, మన్రో అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రం అలా వచ్చిందే. వెడల్పు పెరిగితే బలం పెరుగుతుంది, ఎత్తు పెరిగితే తగ్గుతుంది. ఎంత బొగ్గు తీయాలి, ఎంత వదలాలి అన్నది ఆ లెక్క మీదే ఆధారపడుతుంది.

మిగతా చోట్ల సంగతి చకచకా చెప్పేస్తాను. కారు అద్దాల మధ్య పైకప్పుని పట్టుకునేవి పిల్లర్లు, స్టీరింగ్ కింద ఉండేది కాలమ్. వంతెన కింద ఉన్నవాటిని మనం పిల్లర్లు అంటాం, ఇంజనీర్లు పియర్లు అంటారు. ప్రజాస్వామ్యానికి మీడియా నాలుగో స్తంభం, అంటే పిల్లర్. అదే పత్రికలో నిలువుగా పేర్చిన అక్షరాల వరస మాత్రం కాలమ్.

[తెర మీద: ఇంటి ముందు వరండా, ఒకేలా కనిపిస్తున్న రెండు గుండ్రటి స్తంభాలు]

చివరగా ఈ రెండు చూడండి. ఒకే లావు, ఒకే రంగు. ఒకటి పైన ఉన్న బీముని మోస్తోంది. రెండోది అందం కోసం పెట్టింది, లోపల బోలు. ఇల్లు మార్పులు చేసేటప్పుడు "ఈ పిల్లర్ అడ్డంగా ఉంది, తీసేద్దాం" అనడం చాలా తేలిక. తట్టి చూసి, శబ్దాన్ని బట్టి నిర్ణయించేయొద్దు. స్ట్రక్చరల్ డ్రాయింగ్ తీయండి. ఆ చోట 'సి' అన్న నంబర్ ఉందా, పైన బీము దాని మీదే ఆగిందా, కింద దానికి ఫుటింగ్, అంటే పునాది దిమ్మె ఉందా చూడండి. డ్రాయింగ్ దొరక్కపోతే, స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి చూసేదాకా సుత్తి పక్కన పెట్టండి.