ఫోనుకు బ్యాక్ కవర్ అవసరమా? గోదావరి డెల్టాలో ఉండేవారికి ఒక రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. వేలకు వేలు పోసి కొన్న ఫోనుకు బ్యాక్ కవర్ తొడగాలా, కంపెనీవారు గట్టిదని చెప్పే అద్దాన్ని నమ్మి అలాగే వాడుకోవచ్చా అన్నది ఈ వీడియోలో పరిశీలిద్దాం.

2022లో వచ్చిన గొరిల్లా గ్లాస్ విక్టస్ 2 అనే ఫోను అద్దం, కాంక్రీటును పోలిన గరుకు తలంపై మీటరు ఎత్తు నుంచి పడినా నిలిచిందని దాన్ని తయారుచేసే కార్నింగ్ సంస్థ ప్రకటించింది. కానీ రొయ్యల చెరువులో మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తడానికి వంగినప్పుడో, సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) దిగేటప్పుడో చొక్కా జేబులోంచి జారే ఫోను అంతకన్నా ఎత్తు నుంచే పడవచ్చు. మూల మీద పడితే దెబ్బ బలమంతా గోరంత చోట కేంద్రీకృతమవుతుంది. అందువల్ల మూలలు కాస్త దళసరిగా ఉండి, స్క్రీన్ కన్నా, కెమెరా కన్నా అంచు పైకి లేచిన మెత్తని కవరు తప్పనిసరి అని నా అభిప్రాయం. ఫ్లిప్ కవర్లు చూడముచ్చటగా ఉంటాయే తప్ప, చాలావాటిలో మూలలకు రక్షణ తక్కువ.

ఇప్పుడు ఈ పారదర్శకమైన కవరును తీసి చూపిస్తున్నాను. లోపలి అంచు వెంబడి, కెమెరా రంధ్రం చుట్టూ పేరుకున్నది గోదావరి ఇసుక. నది ఇసుకలో విరివిగా ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం కాఠిన్యం, ఏది దేనిపై గీత పెట్టగలదో 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో 7 కాగా, ఫోను అద్దాలపై సాధారణంగా 6 దగ్గరే గీతలు మొదలవుతాయి. కాబట్టి కాపాడవలసిన కవరే, శుభ్రం చేయకపోతే, ఆ ఇసుకను ఫోను వెనుక భాగానికి అదిమిపెట్టి రుద్దుతూ ఉంటుంది. వారానికొకసారి కవరు విప్పి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి తొడగండి. వేసవిలో ఛార్జింగ్ పెట్టినప్పుడు ఫోను వేడెక్కుతుంటే కవరు తీసివేయడం బ్యాటరీకీ మంచిది.

నీటి విషయంలో మాత్రం మామూలు కవరు చేయగలిగినది ఏమీ లేదు. ధూళిని, నీటిని ఫోను ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగు ఐపీ68లో 6 ధూళికి, 8 నీటికి సంబంధించిన అంకెలు. ఆ నీటి పరీక్ష జరిపేది మంచినీటిలో. భీమవరం చుట్టుపక్కల ఉప్పునీటి చెరువులకు గాని, అంతర్వేది సముద్రానికి గాని ఆ హామీ వర్తిస్తుందని అనుకోవద్దు. పైగా నీటివల్ల కలిగిన నష్టాన్ని చాలా కంపెనీలు వారంటీ కింద అంగీకరించవు. ఐపీ68 ఫోను ఉప్పునీటిలో పడితే వెంటనే ఆపివేసి, కవరు తీసి, మంచినీటితో తడిపిన బట్టతో తుడిచి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా గాలికి ఆరబెట్టండి. రంధ్రంలో తడి ఉండగా ఛార్జర్ పెడితే పిన్నులు తుప్పుపడతాయి.