బేస్తవారం సంత, ఆదివారం బల్ల

అందరికీ వందనాలండి, నమస్కారాలండి. నేను పర్లాకిమిడి నుంచి మాట్లాడతన్నాను. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది గానీ ఇంట్లో మాట, బేరం, ప్రార్థన అన్నీ తెలుగులోనే, నాలుగడుగులేస్తే పాతపట్నం, అదేమో ఆంధ్రా. చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు కొని కింద ఊళ్ళకి పంపే వ్యాపారం మాది, ముత్తాత నాటిది, 1900లో నౌపడా నుంచి చిన్న రైలు పడ్డాక సరుకంతా దాని మీదే ఎల్లేదని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. విశ్వాసం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పాస్టర్ని కాదు, వాక్యం విడమరిచి చెప్పడం నాకు రాదు, నాకు తెలిసింది కాటా, అందుకని కాటా గురించే చెప్తాను.

మా సంతకి కొండ మీంచి సవరలు దిగుతారు. చీకటుండగానే గంపలు నెత్తినెట్టుకుని, చంకలో పిల్లల్తో, ఎండెక్కేసరికి సంతకాడికి వచ్చేస్తారు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పంతులుగా ఉండి వాళ్ళ భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు, ఆయన ఎంత ప్రేమతో నేర్చుకున్నారో ఏటో. అదే ఊళ్ళో పుట్టిన నేను మాత్రం సవరలో అంకెలొక్కటే నేర్చుకున్నాను, బేరానికి పనికొస్తాయని.

తూకం రాయి ఎప్పుడైనా తిరగేసి చూసారా? అడుగున చిన్న గుంట ఉంటది, దాంట్లో సీసం, దాని మీద గవర్నమెంటు ముద్ర. మా సంచిలో రెండు రకాల రాళ్ళుండేవి. అమ్మేటప్పుడు ఒక రకం, కొనేటప్పుడు ఇంకో రకం, ఈ కొనే రాళ్ళకి అడుగున సీసం ఎక్కువ పోసి ఉంటది, అయిదు కేజీలని తూస్తే అవతలి మనిషి సరుకు అయిదుంపావు దాకా ఎల్లిపోద్ది. అది చాలక చెమ్మ ఉందని బస్తాకి రెండు కేజీలు తరుగు. నేను మొదలెట్టింది కాదు, నాన్న చేతి నుంచి వచ్చిన సంచి, అందరూ చేస్తన్నదే అనుకునేవాణ్ణి.

ఆదివారం మందిరంలో కానుకల సంచి కూడా నా చేతిలోనే. లెక్కలో రూపాయి తేడా వస్తే రాత్రి నిద్ర పట్టేది కాదు, నిజంగా చెప్తన్నాను. బేస్తవారం రాళ్ళ సంచి పట్టుకున్న చెయ్యీ అదే, ఆ రెండు సంచులూ ఒకదానికొకటి తెలియనట్టు ఏళ్ళ తరబడి బతికేసాను. పెద్దదీ చిన్నదీ వేరువేరు తూనిక రాళ్ళు నీ సంచిలో ఉంచుకోకూడదని ద్వితీయోపదేశకాండం 25లో ఉంది. ఎన్నిసార్లు చదివానో, నా సంచి గురించేనని ఒక్కసారీ తట్టలేదు.

ఒకసారి కొండ మీద ఒక ఊళ్ళో సభలైతే ఎల్లాం. ఆఖరి రోజు ఆదివారం, ప్రభువు బల్ల, అంటే యేసు ప్రభువుని తలుచుకుని అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునేది. రొట్టె పళ్ళెం నా చేతికిచ్చారు, చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ వరసలో వంగి వంగి ఇచ్చుకుంటా పోతన్నాను. ఒకామె రెండు చేతులూ చాపింది. వేళ్ళ సందులన్నీ చింతపండు మరకతో నల్లగా ఉన్నాయి. ఆ చేతులు నాకు తెలుసు, మూడు రోజుల కిందట సంతలో నా కాటా ముందు గంప దించిన చేతులే. నాకు పళ్ళెం వణికింది. బలిపీఠం దగ్గర కానుక వదిలేసి ముందెల్లి నీ సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. అక్కడొక సంగతి గమనించండి, నీకు అతని మీద కోపముంటే అనలేదు, అతనికి నీ మీద ఏమైనా ఉంటే అన్నాడు.

నేనారోజు రొట్టె తీసుకోలేదు. కూడిక అయ్యాక ఆమెని వెతుక్కుంటా ఎల్లి, "అమ్మా, మొన్న సంతలో నా రాయి తప్పు" అన్నాను.

"తెలుసు బాబూ, ఇంటికాడ కుంచంతో కొలిచే తెస్తాం గదా" అంది.

"మరి తెలిసి ఎందుకిచ్చావమ్మా?"

"ఎవుడికిచ్చినా అంతే. నువ్వు మందిరం మనిషివి, కాస్త తక్కువ తీస్తావనుకున్నాను."

దానికేం జవాబు చెప్తాం.

బైబిల్లో జక్కయ్యని ఒక పన్నులు వసూలు చేసేవాడున్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగివ్వమని అతన్ని యేసు ప్రభువు అడగలేదు, ఆయన ఇంటికొచ్చాడంతే, జక్కయ్యే లేచి నిలబడి తన నోటితో తాను చెప్పాడు. ఆమెకి నేనూ అలాగే ఇచ్చాను, తరుగు ఎత్తేసాను, రాళ్ళు తీసేసి ఎలక్ట్రానిక్ కాటా కొని అంకెలు అమ్మేవాళ్ళ వైపు తిప్పి పెట్టాను. కానీ ఎంతమంది దగ్గర ఎంత తీసానో లెక్క కట్టలేను, ఆ బాకీ ఇంకా నా మీదుంది.

అన్నిటికంటే కష్టమైంది ఇంట్లో. "నాన్న ఈ రాళ్ళతోనే మనల్ని చదివించాడు అన్నయ్యా, ఇప్పుడు నాన్నని దొంగంటావా?" అన్నాడు తమ్ముడు. నేను కూలీలందరి ముందు గట్టిగా అరిచేసాను, మారుమనస్సు వచ్చిందని ఒక పొగరు కూడా వచ్చేసింది నాకు, అది అప్పుడు తెలీలేదు. ఎనిమిది నెలలు మాటల్లేవు. మా ఆవిడే ఒకరోజు అంది, "కొండెక్కి ఆ ముసలమ్మ దగ్గర వంగావు గదా, పక్క వీధిలో ఉన్న తమ్ముడి దగ్గర వంగలేవా?" అని. ఎల్లాను. కాటా సంగతి ఎత్తలేదు, అరిచినందుకు ఒక్కదానికే క్షమించమన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు, తర్వాత లోపలికి చూసి మరదల్ని టీ పెట్టమన్నాడు. షాపులు వేరైపోయాయి, అవి అలాగే ఉన్నాయి, ఆదివారం భోజనం మాత్రం మళ్ళీ ఒక్కచోటే.

ఆ ముసలమ్మ ఇప్పటికీ నా దగ్గరికే వస్తది. వచ్చాక గంప వెంటనే దించదు. ముందు కేజీ ఉప్పు ప్యాకెట్టు ఒకటి కాటా మీద పెట్టమంటది, ఒకటి అని అంకె పడిందో లేదో వంగి చూసుకుని, అప్పుడు దించుతది. ఆమె కోసమని ఉప్పు ప్యాకెట్టు ఒకటి కాటా పక్కనే పెట్టుకుంటన్నాను.