కొండలు తేలిక, గడ్డి కష్టం

(విశాఖపట్నంలో ఫొటోగ్రఫీ అభిరుచి ఉన్నవారి సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ ఊళ్లో ఈ విషయం మాట్లాడటంలో ఒక సౌకర్యం ఉంది. బ్యాడ్‌ల్యాండ్స్ అంటే ఎలాంటి నేలో మీకు బొమ్మ గీసి చూపనక్కరలేదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు మీరంతా చూసినవే. వాన నీరు మెత్తటి నేలను కోసుకుంటూ పోతే మిగిలే గట్లు, గండ్లు, మనిషి పట్టీ పట్టనంత సన్నటి సందులు మీకు తెలుసు. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రపు నైరుతి భాగాన ఉన్న బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులోనూ కోత పని అదే. అక్కడి నేల వేరు, వయసు వేరు, విస్తీర్ణం మరీ వేరు: దాదాపు 2,44,000 ఎకరాలు. సముద్రం లేదు. చుట్టూ కనుచూపు మేర గడ్డి.

ఏటా ఒక చిన్న బృందంతో అక్కడికి వెళ్లే ఫొటోగ్రఫీ వర్క్‌షాపులో నేను మార్గదర్శుల్లో ఒకణ్ని. అక్కడ ఏం నేర్పుతారో చెప్పమని నిర్వాహకులు అడిగారు. కెమెరా బటన్ల సంగతి నేర్పేవారు ఇక్కడే బోలెడుమంది ఉన్నారు కాబట్టి అది వదిలేస్తాను.

వచ్చినవారంతా మొదట కొండల కోసమే వస్తారు. అందులో తప్పు లేదు. పార్కు ఈశాన్య ద్వారం దాటగానే బిగ్ బ్యాడ్‌ల్యాండ్స్ ఓవర్‌లుక్ అనే చోటు ఉంటుంది. తూర్పు వెలుగు నేరుగా ఆ శిఖరాల మీద పడుతుంది. సూర్యోదయానికి అరగంట ముందు అక్కడ ట్రైపాడ్ నిలబెట్టిన ఎవరికైనా మంచి ఫొటో వస్తుంది. రూపం ఆ నేలలోనే ఉంది, రంగు అందులోనే ఉంది, మనం చేయాల్సింది సమయానికి నిద్ర లేవడం. జూన్‌లో అదీ కష్టమే. అయిదు దాటీ దాటగానే సూర్యుడు వస్తాడు, రాత్రి ఎనిమిదిన్నరకు గానీ వెళ్లడు. అందుకే నాకు సెప్టెంబరు ఇష్టం. ఉదయం ఆరున్నరకు వెలుగు, సాయంత్రం ఏడుకు అస్తమయం. మనుషులకు భోజనం, నిద్ర రెండూ దక్కుతాయి.

అయితే ఆ కొండల మీది రంగుల చారలు ఏమిటో తెలుసుకుంటే ఫ్రేము మారుతుంది. అన్నిటికన్నా కింద నల్లటి షేల్, అంటే గట్టిపడిన బురదరాయి పొర ఉంది. దాదాపు 7 కోట్ల ఏళ్ల కిందట అమెరికా ఖండం నడుమ పరుచుకున్న సముద్రపు అడుగు బురద అది. సముద్రం వెనక్కి పోయాక ఆ బురద గాలికీ వానకూ ఆరి, పైభాగం పసుపు మట్టిగా మారింది. ఎల్లో మౌండ్స్ అనే దిబ్బల్లో కనిపించేది అదే. దాని మీద బూడిదరంగు పొర, షాడ్రన్ అంటారు. 3 కోట్ల 70 లక్షల నుంచి 3 కోట్ల 40 లక్షల ఏళ్ల కిందటి వరకు నదులు తెచ్చి పోసిన మట్టి. ఆ పైన బ్రూల్. గోధుమ రంగు మధ్య ఎర్రటి పట్టీలు ఉంటాయే, అవి ఒకప్పటి నేల ఉపరితలాలు. ఒక్కో ఎర్ర పట్టీ మీద ఒకనాడు గడ్డో చెట్లో మొలిచాయి, జంతువులు తిరిగాయి. ఇంకా పైన పడమటి అగ్నిపర్వతాల నుంచి గాలికి కొట్టుకొచ్చిన బూడిద పొర తెల్లగా కనిపిస్తుంది.

ఇంత పోగు పడటానికి కోట్ల ఏళ్లు పట్టింది. కోత మొదలై 5 లక్షల ఏళ్లే. ఏడాదికి సుమారు అంగుళం చొప్పున కరిగిపోతోంది. రాతి కొండకు ఆ వేగం ఊహించలేం. ఇంకో 5 లక్షల ఏళ్లకు అక్కడ కొండలే ఉండవని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా.

ఈ పొరలను పట్టుకోవడానికి వైడ్ యాంగిల్ లెన్సు పనికిరాదని మొదటి రోజే చెబుతాను, ఎవరూ నమ్మరు. వైడ్ లెన్సులో ఆ శిఖరాలు మరుగుజ్జులైపోతాయి. 70-200 లెన్సు పెట్టి దూరపు గట్లను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరకు లాగితే అప్పుడు చారలు మాట్లాడతాయి. ఆ మట్టి పాలిపోయిన రంగుది. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు దాన్ని చూసి మోసపోయి ఫొటోను మసక చేస్తుంది. హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగునీడల పాళ్లు చూపే గ్రాఫు చూసి ఎక్స్‌పోజర్ కాస్త పెంచాలి. ఎల్లో మౌండ్స్‌కు బంగారు వెలుగు అవసరం లేదు. వాన వెలిసి, మబ్బు పట్టి ఉన్నప్పుడు ఆ పసుపూ ఎరుపూ తడికి ముదిరి కనిపిస్తాయి. కాకపోతే తడిసిన ఆ బంకమట్టి మీద నడక మహా ప్రమాదం. బూటుకు అంటుకుంటే ఒక్కో కాలూ ఒక్కో ఇటుక బరువు అవుతుంది.

రెండో రోజుకు మెమరీ కార్డులు కొండలతో నిండిపోతాయి. అసలు వర్క్‌షాపు అప్పుడు మొదలవుతుంది.

సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు అని ఒక కంకర రోడ్డు ఉంది, పార్కు ఉత్తరపు అంచు వెంట పడమరకు పోతుంది. జోరుగా వాన పడితే దాన్ని మరిచిపోవాలి. ఆ దారిలో హే బ్యూట్ దగ్గర వాహనాలు ఆపి, కొండలకు వీపు పెట్టి నిలబడమంటాను. ఎదురుగా గడ్డి తప్ప ఏమీ ఉండదు. చెట్టు లేదు, ఇల్లు లేదు, కంటికి ఆనిక లేదు. ఒక లెన్సు, ఒక చోటు, ఒక గంట. ఫ్రేములో కొండ పడకూడదు. అదే అభ్యాసం.

మొదటి పది నిమిషాలు అందరి ముఖాల్లోనూ ఒకటే ప్రశ్న: ఇక్కడ ఏముందని తీయాలి?

ఆ ప్రశ్న మీద నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే అది ఫొటోగ్రాఫర్లది మాత్రమే కాదు. మన రెవెన్యూ లెక్కల్లో గడ్డినేల చాలాచోట్ల బంజరు. చెట్టు లేకపోతే అడవి కాదు, దున్నకపోతే పొలం కాదు, కాబట్టి అక్కడ ఏమీ లేనట్టే. నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం ఏర్పాటు చేశారు. అందులో అరణ్యం ఎంత అని చూడబోతే ఉన్నది గడ్డే. ఆ పిట్టకు కావలసిందీ అదే. ప్రెయిరీ అనే అమెరికా గడ్డిమైదానం విషయంలోనూ ఈ చూపే పనిచేసింది. ఖాళీగా పడి ఉందని ప్రభుత్వం జనానికి పంచింది, వాళ్లు నాగలి పెట్టారు. 1930ల్లో వానలు ముఖం చాటేస్తే అప్పులపాలై వెళ్లిపోయారు. ఆ భూముల్ని ప్రభుత్వమే తిరిగి కొని మళ్లీ గడ్డికి వదిలింది. పార్కు చుట్టూ విస్తరించిన బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ చాలావరకు అలా ఏర్పడిందే.

సరే, ఏముందని తీయాలి? మొదట గాలి ఉంది. అది అక్కడ ఆగదు. దాన్ని శత్రువులా చూసేవారు షట్టర్ స్పీడును సెకనులో అయిదు వందో వంతుకు పెంచి గడ్డిని గడ్డకట్టిస్తారు. పావు సెకనుకు తగ్గించి చూడండి, గడ్డి నీరులా పారుతుంది. రెండూ చేసి చూశాకే ఏది కావాలో తెలుస్తుంది. తరవాత ఎత్తు. నిలబడి తీస్తే అదొక చాప. ట్రైపాడ్‌ను మోకాటి ఎత్తుకు దించి, పొద్దు వాలే వేళ వెలుగుకు ఎదురుగా తిరిగితే ఒక్కో పరక విడిగా వెలుగుతుంది. సెప్టెంబరులో లిటిల్ బ్లూస్టెమ్ అనే గడ్డి రాగి రంగుకు తిరుగుతుంది. దాని పక్కనే పొట్టిగా, నేలకు అంటుకుని బఫెలో గ్రాస్ బూడిదపచ్చగా ఉంటుంది. ఈ తేడా కనిపించడం మొదలయ్యాక మైదానం చదునుగా ఉండదు.

మబ్బు నీడలు మరో సంగతి. చదును అనుకున్న నేలలో ఎన్ని ముడతలున్నాయో నీడ కదిలినప్పుడే తెలుస్తుంది. ఒక నీడ సరైన వాలు మీదకు వచ్చేదాకా నలభై నిమిషాలు కాచుకుని కూర్చున్నవారిని చూశాను. అలాంటివారికి నేను చెప్పాల్సింది పెద్దగా ఉండదు, టీ ఇచ్చి పక్కకు తప్పుకుంటాను. ఒక్క హెచ్చరిక: విశాలమైన ఆకాశాన్ని తీసేటప్పుడు, నీలాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టరు తగిలించకండి. సగం ఆకాశం ముదురు నీలం, సగం వెలిసిన నీలం అవుతుంది.

గడ్డిలో ప్రాణులు సరేసరి. ప్రెయిరీ డాగ్ పేరుకు కుక్క, జాతికి ఉడుత. అవి గడ్డిని నున్నగా కొరికేసిన చోట్లే బైసన్‌లు, అంటే అమెరికా అడవిదున్నలు, మేతకు చేరతాయి. బైసన్‌ను ఈ పార్కులో 1963లో తిరిగి తెచ్చి వదిలారు. మగది 900 కిలోల దాకా తూగుతుంది, గంటకు 50 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది. వంద గజాల దూరం తప్పనిసరి. తోక పైకి లేచిందంటే ఫొటో సంగతి వదిలి వాహనం ఎక్కాలి.

ఇంకో ఖాళీ గురించి చెప్పకుండా ఈ వర్క్‌షాపు గురించి మాట్లాడలేను. మనిషి జాడ లేని ఫ్రేము అందంగానే ఉంటుంది, కానీ అక్కడ మనుషులు లేకపోవడం ప్రకృతి చేసిన పని కాదు. పార్కు గుండా సాగే లూప్ రోడ్డు మీద బిగ్ ఫుట్ పాస్ అని ఒక మలుపు ఉంది, సాయంత్రం వెలుగుకు పేరుపడ్డ చోటు. 1890 డిసెంబరు చలిలో, అక్కడి ఆదివాసులైన లకోటాల నాయకుడు బిగ్ ఫుట్ తన మూడు వందల మందికి పైగా జనంతో, పిల్లలతో, ముసలివాళ్లతో గోడలా నిలిచిన ఆ కొండల వరస దిగి దక్షిణానికి వెళ్లాడు. ఆ నెల 29న ఊండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం వారిలో ఎక్కువమందిని చంపింది. పార్కు దక్షిణ భాగం పైన్ రిడ్జ్ రిజర్వేషన్ లోపల, అంటే లకోటాలకు కేటాయించిన ప్రాంతంలో ఉంది. 1942లో యుద్ధ విమానాల గురి అభ్యాసానికని సుమారు 3,40,000 ఎకరాలు తీసుకుని అక్కడి కుటుంబాలను ఖాళీ చేయించారు. పేలని గుండ్లు ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నాయి. మేము ఆ వైపు వెళితే స్థానికుల అనుమతితోనే వెళతాం. ప్రార్థన కోసం చెట్లకు కట్టిన గుడ్డలు కనిపిస్తే కెమెరా దించమంటాను. రంగు బాగుందని బతిమాలేవారు ఉంటారు. ఒప్పుకోను.

నియమాలు తొందరగా చెబుతాను. నేషనల్ పార్కుల్లో డ్రోన్ నిషిద్ధం. శిలాజం కనిపిస్తే ముట్టుకోకుండా, చోటు గుర్తు పెట్టుకుని పార్కు సిబ్బందికి తెలపాలి. రుసుము తీసుకుని వర్క్‌షాపు నడిపేవారికి పార్కు అనుమతి ఉండాలి, డబ్బు కట్టే ముందు దాని గురించి అడగండి. బయట తాగడానికి పనికొచ్చే నీళ్లు దొరకవు, ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఉరుము వినిపిస్తే ట్రైపాడ్ మడిచి వాహనంలోకి వెళ్లాలి, మెరుపు ఫొటో కిటికీలోంచి తీయవచ్చు.

రాత్రి గురించి అడుగుతారని తెలుసు. పాలపుంత నడిబొడ్డు ఈ విశాఖ ఆకాశంలో 43 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అక్కడ 17 డిగ్రీలు దాటదు. నష్టమేమీ లేదు, అంత కిందగా ఉండటం వల్లే గట్ల మీద ఆనినట్టు ఫ్రేములో ఇముడుతుంది. ఇక్కడ ఎత్తు ఉంది గానీ దీపాల వెలుగులో అది కనిపించదు, అదే బాధ.

మధ్యాహ్నం ఎండ ఎవరికీ పనికిరాదు కనుక ఆ వేళ గదిలో కూర్చుని ఒక్కొక్కరి ఫొటోలు చూస్తాం. అయిదు ఎంచుకుని చూపించాలి, అందులో రెండు గడ్డివి అయి ఉండాలి. చర్చ ఎప్పుడూ ఆ రెండింటి మీదే సాగుతుంది. కొండ ఫొటోలు ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి, ఎవరిది ఏదో కలిసిపోయినా తెలియదు. గడ్డి ఫొటోలు అలా కలవవు. ఒకరు గాలిని తీస్తారు, ఒకరు దూరాన్ని, ఒకరు బైసన్ పొర్లిన గుంటలో నిలిచిన నీటిని. సగం విఫలమవుతాయి. ఎందుకు విఫలమయ్యాయో తీసినవారే చెప్పగలుగుతారు, అది కొండ ఫొటోల విషయంలో జరగదు.

ఇక స్లయిడ్లు. పైన చెప్పిన కారణానికే కొండలు తక్కువగా ఉంటాయి, నిరాశపడకండి. మొదటిది హే బ్యూట్ దగ్గర తీసింది, 200 ఎం.ఎం. దగ్గర, పావు సెకను. ప్రశ్నలు మధ్యలోనే అడగవచ్చు.